జనం వస్తారు సరే, రాత్రి ఉంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం హోటల్ పెట్టాలనుకునేవాళ్లవే. ఒకరు లాడ్జీ అంటారు, ఒకరు టిఫిన్ హోటల్ అంటారు, ఇంకొకరు కొండల్లో రిసార్టు అంటారు. అందరూ అడిగేది మాత్రం లైసెన్సుల గురించి, లోన్ల గురించి. కస్టమర్ ఎవరు, ఎక్కణ్ణుంచి వస్తాడు, ఎంతసేపు ఉంటాడు అని ఒక్కరూ రాయలేదు. అందుకని జవాబులు కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది భువనగిరి. యాదగిరిగుట్టలో, గుట్ట కింద మెయిన్ రోడ్డుకు కాస్త లోపల, మా నాన్నగారు ఎప్పుడో కొన్న 300 గజాల జాగా ఉంది. గుడి కొత్తగా కట్టినప్పటి నుంచి శని, ఆదివారాల్లో అక్కడ కాలు పెట్టే సందు ఉండట్లేదు. 20 గదుల లాడ్జీ కట్టాలని ఉంది. మేస్త్రీ కోటీ 80 లక్షలు అవుతుందంటున్నాడు, అందులో కోటి బ్యాంకు లోను. గదికి రోజుకు 1500 అనుకున్నా 20 గదులకు నెలకు 9 లక్షలు, అందులో 70 శాతం నిండినా 6 లక్షల 30 వేలు. నా లెక్క కరెక్టేనా? మా ఆవిడ మాత్రం ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు: మీ ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. గుణకారం బాగానే చేశారు, కానీ ఆ 70 శాతం ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఆదివారం పొద్దున రోడ్డు మీద కార్లు చూసి తెచ్చారు. లాడ్జీకి డబ్బులిచ్చేది కారు కాదు, రాత్రి మంచమెక్కి పడుకునే మనిషి.

యాదగిరిగుట్ట హైదరాబాద్‌కు 60 కిలోమీటర్ల దూరం. వరంగల్ హైవే బాగుంది. 2022 మార్చి 28న కొత్త ఆలయంలో దర్శనాలు మొదలైన దగ్గర్నుంచి వస్తున్న జనంలో చాలామంది నగరం వాళ్లే. పొద్దున ఆరింటికి ఇంట్లో బయల్దేరి, దర్శనం చేసుకుని, పులిహోర, లడ్డూ తీసుకుని, మధ్యాహ్నం ఎక్కడో భోంచేసి సాయంత్రానికి ఉప్పల్ దాటేస్తారు. వాళ్లకు గదితో పనేముంది? అదే శ్రీశైలం తీసుకోండి. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల పైమాట, పైగా నల్లమలలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి రోడ్డు మూసేస్తారు. దర్శనం కాస్త ఆలస్యమైందంటే ఉండక తప్పదు. అక్కడ దూరం, అడవి కలిసి లాడ్జీ నింపుతాయి. మీ దగ్గర రోడ్డు బాగుపడే కొద్దీ లాడ్జీకి గిరాకీ తగ్గుతుంది, ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది కానీ నిజం. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ను యాదాద్రి స్టేషన్ దాకా తెస్తామన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. అది వచ్చిందంటే గుడికి జనం ఇంకా పెరుగుతారు, రాత్రి ఉండేవాళ్లు మాత్రం పెరగరు.

మరి ఉండేవాళ్లే లేరా అంటే ఉన్నారు. సన్నిధిలో నిద్ర చేస్తామని మొక్కుకున్నవాళ్లు, సత్యనారాయణ వ్రతానికి ఇంటిల్లిపాదీ దిగేవాళ్లు, పెళ్లి బృందాలు, తెల్లవారుజామున సుప్రభాతం చూడాలనుకునేవాళ్లు, దూరపు జిల్లాల నుంచి బస్సులో వచ్చేవాళ్లు. వీళ్లు ముందు దేవస్థానం గదులు అడుగుతారు, తర్వాత తమ కులసంఘం సత్రానికి ఫోన్ చేస్తారు, అక్కడా దొరక్కపోతే మీ దగ్గరికొస్తారు. పర్యాటక శాఖ హరిత హోటల్ కూడా అక్కడే ఉంది. అంటే మీరు వరసలో మూడోవాళ్లో నాలుగోవాళ్లో.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను, దీనికి పైసా ఖర్చు లేదు. మంగళవారమో బుధవారమో రాత్రి తొమ్మిదిన్నరకు గుట్టకు వెళ్లండి. ఒక్కో లాడ్జీలోకి వెళ్లి గది ఉందా, రేటెంత అని అడగండి. అడుగుతూ రిసెప్షన్ వెనక తాళాల బోర్డు చూడండి. వేలాడుతున్న తాళాలన్నీ దాదాపు ఖాళీ గదులే. కార్డు తాళాలున్న చోట ఈ కిటుకు పనిచేయదు, అక్కడ బయటికొచ్చి వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టుకోండి. ఆ రాత్రి అక్కడే ఒక లాడ్జీలో ఉండి, మర్నాడు పదకొండింటికి డాబా ఎక్కండి. చుట్టుపక్కల డాబాల మీద ఆరేసిన దుప్పట్లు కనపడతాయి. ఎన్ని దుప్పట్లు తడిశాయో సుమారుగా అన్ని మంచాల మీద మనుషులు పడుకున్నట్టు. లాడ్జీ ఓనరు బిజినెస్ బ్రహ్మాండం అనొచ్చు, ఆ దుప్పట్లు అబద్ధం చెప్పవు. బట్టలు లాండ్రీకి పంపే చోట లాండ్రీ అబ్బాయికి టీ ఇప్పించి అడగండి, వారంలో ఏ రోజు మూట బరువుంటుందో అతనికి నోటికొచ్చు. ఇదే పని శనివారం రాత్రి, ఆదివారం రాత్రి కూడా చేయండి. ఆదివారం రాత్రి చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. పగలంతా తిరనాళ్లలా ఉన్న ఊరు, తొమ్మిదయ్యేసరికి తాళాలన్నీ బోర్డు మీదే ఉంటాయి. కార్తీక మాసంలో ఒకసారి, ఏ ముహూర్తాలూ లేని ఆషాఢంలో ఒకసారి చూడగలిగితే ఇంకా మంచిది. ఏడాది ఆగితే జాగా ఎక్కడికీ పోదు.

మీ లెక్కనే కొంచెం మార్చి చూద్దాం. ఇవి నా అంచనాలు, మీరు గుట్టలో చూసొచ్చిన అంకెలు వీటి స్థానంలో వేసుకోండి. శుక్ర, శనివారాల రాత్రులు నెలకు ఎనిమిది, రాత్రికి 18 గదులు, 1500 చొప్పున 2 లక్షల 16 వేలు. మిగతా 22 రాత్రులు సగటున 5 గదులు, ఆ రోజుల్లో బేరమాడతారు కాబట్టి 900 చొప్పున 99 వేలు. మొత్తం 3 లక్షల 15 వేలు. గదులు నిండింది 42 శాతం, 70 కాదు. ఖర్చులకొస్తే రిసెప్షన్‌లో రెండు షిఫ్టులు, గదులు ఊడ్చేవాళ్లు, వాచ్‌మన్ కలిపి జీతాలు లక్షా పది వేలు, కరెంటు 45 వేలు, లాండ్రీ, సబ్బులు, నీళ్ల ట్యాంకర్లు 25 వేలు, ఆన్‌లైన్ బుకింగుల కమిషన్ 20 వేలు, గీజరు కాలింది, కుళాయి ఊడింది అంటూ రిపేర్లు 15 వేలు. 2 లక్షల 15 వేలు పోయాయి, చేతిలో లక్ష మిగిలింది. కోటి లోనుకు 10 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెల కిస్తీ లక్షా 32 వేలు. ప్రతి నెలా 32 వేలు మీ జేబులోంచి వేయాలి, అదీ మీరు పెట్టిన 80 లక్షలకు ఒక్క రూపాయి కూడా వేసుకోకుండా.

కాబట్టి మానేయమంటారా అంటే, ఈ రూపంలో మానేయమంటాను. పగలు వచ్చి పోయే జనం మీ ఊరికి అంతమంది ఉన్నప్పుడు వాళ్లకు ఏం కావాలో చూడండి. దర్శనానికి ముందు తలస్నానం చేసి బట్టలు మార్చుకునే చోటు కావాలి, చంటిపిల్లల తల్లికి తలుపేసుకునే గది కావాలి, ముసలివాళ్లు రెండు గంటలు నడుం వాల్చాలి. కింద శుభ్రమైన బాత్రూములు, లాకర్లతో ఒక పెద్ద హాలు, పైన ఎనిమిదో పదో గదులు, ఆ పైన వ్రతానికీ, అన్నప్రాశనకూ వచ్చే పాతిక మంది కూర్చుని తినేలా వంటశాలతో ఒక హాలు. నా దృష్టిలో ఇదీ ఆ జాగాకు తగిన ప్లాన్. పునాది, పిల్లర్లు పై అంతస్తులకు సరిపడా వేయించుకుని ముందు రెండు అంతస్తులతో ఆపండి. అప్పు సగానికి తగ్గుతుంది, మీ ఆవిడకు నిద్ర పడుతుంది. ఒక్క జాగ్రత్త, గది నాలుగు గంటలకే ఇచ్చినా సరే గుర్తింపు కార్డు చూడకుండా, రిజిస్టర్‌లో రాయకుండా తాళం ఇవ్వొద్దు. పుణ్యక్షేత్రంలో లాడ్జీకి ఒకసారి చెడ్డపేరు వస్తే కుటుంబాలు మళ్లీ ఆ గడప తొక్కవు.

అనుమతుల సంగతి క్లుప్తంగా. ముందు మీ జాగా మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో మున్సిపాలిటీలో, ఆలయ అభివృద్ధి ప్రాధికార సంస్థలో కనుక్కోండి, నివాస జోన్ అని తేలితే మిగతాదంతా తర్వాత మాట. ప్లాన్ ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో అనుమతికి పెట్టాలి. రెండో మెట్లదారి, అగ్నిమాపక ఏర్పాట్లు డ్రాయింగులోనే ఉండాలి, కట్టాక మెట్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? ట్రేడ్ లైసెన్సు, పోలీసు అనుమతి ఎలాగూ ఉంటాయి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, అంటే విదేశీయుల నమోదు ఆఫీసుకు పంపాలి. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7500 లోపు గదుల మీద అది 5 శాతమే, గిరాకీకి మంచిదే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఏసీలు, టీవీలు, మంచాల మీద మీరు కట్టిన జీఎస్టీ మీ ఖర్చే. మేస్త్రీ చెప్పిన కోటీ 80 లక్షల్లో ఇది ఉందో లేదో అడిగారా?

ప్రశ్న: మాది తెనాలి. మా బాబు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో రెండేళ్లు చేసి, ఉద్యోగం మానేసి వచ్చాడు. టిఫిన్ హోటల్ ఫ్రాంచైజీ తీసుకుంటానంటున్నాడు. 12 లక్షలు కడితే పేరు, సామాన్లు, వంట మాస్టర్ అన్నీ వాళ్లే ఇస్తారట. ఆ తర్వాత అమ్మకం మీద 6 శాతం ఇవ్వాలట. షాపు అద్దె 35 వేలు. ఇవ్వమంటారా అమ్మా?

జవాబు: ఆ 6 శాతం దగ్గర ఆగండమ్మా. అది లాభం మీద కాదు, అమ్మకం మీద. రోజుకు 10 వేలు అమ్మితే నెలకు 3 లక్షలు, అందులో 18 వేలు వాళ్లకు. టిఫిన్ హోటల్లో అన్నీ పోగా పదో వంతు మిగిలితే గట్టిగా నడిచినట్టే, అంటే 30 వేలు. సగం పైన వాళ్లే పట్టుకుపోతారు. నష్టం వచ్చిన నెలలో కూడా అమ్మకం మీద ఆ 6 శాతం ఇవ్వాల్సిందే. ఇక అద్దె. నెల అద్దె నాలుగు రోజుల అమ్మకంలో వచ్చేయాలని నేను చూసే లెక్క, ఆ ప్రకారం 35 వేల అద్దెకు రోజుకు దాదాపు 9 వేల అమ్మకం ఉండాలి. ఆ షాపు దగ్గర అంత గిరాకీ ఉందా? మీ బాబును పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా ఆ షాపు ఎదురుగా నిలబడమనండి, ఒక మామూలు రోజు, ఒక ఆదివారం. దారిన పోయేవాళ్లను లెక్కపెట్టడం వృథా. చేతిలో టిఫిన్ పార్సిల్ కవరు పట్టుకుని పోయేవాళ్లను లెక్కపెట్టమనండి, ఆ కవరు ఏ హోటల్‌దో చూడమనండి. ఆఫీసులకు పోయే వైపు ఉందా షాపు, తిరిగొచ్చే వైపు ఉందా అన్నది కూడా. పొద్దున హడావుడిలో బండి తిప్పుకుని రోడ్డు దాటి ఎవరూ రారు.

మాస్టర్‌ను వాళ్లే ఇస్తారన్నది విని నాకు నవ్వొచ్చింది. మాస్టర్ ఇచ్చినా, మాస్టర్ ఉంటాడా? ఈ లైనులో అడ్వాన్సు తీసుకున్న మాస్టర్ ఇంకోచోట వంద ఎక్కువిస్తే పండగ ముందు రోజు ఫోన్ ఆఫ్ చేస్తాడు. వాడితోపాటు చట్నీ రుచి కూడా పోతుంది. కాబట్టి మీ బాబు ముందు ఓ మూడు నెలలు ఏదైనా రద్దీగా ఉండే హోటల్లో పెనం దగ్గర నిలబడాలి. చదివింది చదివాడు, పెద్ద హోటల్లో పనీ చూశాడు, కానీ తెల్లారి నాలుగింటికి పిండి పులిసిందా లేదా వేలితో చూసి చెప్పడం, చలికాలంలో రాత్రి ఎంత ముందు రుబ్బి పెట్టుకోవాలో తెలియడం, పెనం మీద నీళ్లు చిలకరించి ఆ చప్పుడును బట్టి వేడి పట్టుకోవడం, ఎనిమిదిన్నరకు పది మంది ఒకేసారి దోసె అంటుంటే ఎవరిది ముందో గుర్తుపెట్టుకోవడం, ఇవి క్లాసులో రావు. తను పెనం పట్టగలిగితే మాస్టర్ రాకపోయినా షట్టర్ లేస్తుంది.

అయినా ఫ్రాంచైజీయే కావాలంటే ఇప్పుడు బాగా నడుస్తున్న బ్రాంచీలకు కాదు, మూతపడ్డ బ్రాంచీల వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడండి. కంపెనీ వాళ్లు ఆ చిరునామాలివ్వరు, మీరే వెతకాలి. ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు వాళ్లదేనా, పిండి, పొడులు వాళ్ల దగ్గరే కొనాలని రాశారా, మధ్యలో మూసేస్తే 12 లక్షల్లో ఏం తిరిగొస్తుంది, ఇవి కాగితం మీద ఉండాలి. సొంతంగా పెట్టుకుంటే ఆ డబ్బులో సగంతో మొదలుపెట్టొచ్చని నా అభిప్రాయం. ముద్ర లోను 10 లక్షల దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు, ముందు బ్యాంకులో అడగండి. షాపు లీజు రిజిస్టర్ చేయించుకోండి, ఓనరుతో నోటిమాట వద్దు. పొగగొట్టం పై అంతస్తు వాళ్ల కిటికీ దాటి పైకి పోతుందా, మురుగు కాలువ ఎటు పోతుంది, అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే, ఇంటి సిలిండర్ పెట్టి దొరికితే కేసు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే ఆహార భద్రత లైసెన్సుది, 14 అంకెలది, గోడ మీదా ఉండాలి, బిల్లు మీదా ఉండాలి. స్విగ్గీ, జొమాటోలో వచ్చిన ఆర్డర్ల మీద జీఎస్టీ 2022 జనవరి నుంచి వాళ్లే కడుతున్నారు, మీ లెక్కలో అది రెండోసారి వేసుకోకండి. వాళ్ల కమిషన్ మాత్రం ఇడ్లీ ధరలో భరించడం కష్టం. మొదటి ఆరు నెలలు కౌంటరు, పార్సిల్ చాలు.

ప్రశ్న: విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అరకులో ఒక గిరిజన రైతు ఎకరం పొలం 15 ఏళ్లు లీజుకిస్తానన్నాడు. మధ్యవర్తి నమ్మకస్తుడే. చలికాలం సీజన్‌కు టెంట్లు, చెక్క కాటేజీలు వేద్దామని నలుగురు ఫ్రెండ్స్ కలిశాం. స్టాంపు పేపరు మీద రాసుకుంటే చాలంటున్నాడు, నిజమేనా?

జవాబు: కాదు బాబూ. అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే అక్కడే ఆగు. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారడానికి 1/70 చట్టం ఒప్పుకోదు, లీజు కూడా అందులోకే వస్తుంది. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం సైతం అలాంటి చోట గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదంది. ఇక స్టాంపు పేపరెంత? రేపు అధికారులొచ్చి కాటేజీలు తీసేయమంటే కోర్టులో చూపించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. బ్యాంకు లోను రాదు, ఇన్సూరెన్సు రాదు. రైతు పేరు మీదే నడిపి వెనక నుంచి డబ్బు మనం పెడదాం అని మధ్యవర్తి ఈపాటికి చెప్పే ఉంటాడు. అది బినామీ, ఇంకా ప్రమాదం. పైగా ఆ చట్టం ఉన్నదే ఇలాంటి కాగితాలతో ఆ రైతుల భూములు పోకుండా ఉండాలని, నువ్వు దాని చుట్టూ దారి వెతకడం నాకు నచ్చదు.

ఈ పనే చేయాలనుంటే రెండు దారులు. షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట, శృంగవరపుకోట వైపు ఘాట్ మొదలయ్యే లోపు చూడు. ఊరు ఊరికీ హోదా మారుతుంది కాబట్టి తహసీల్దార్ ఆఫీసులో ఆ గ్రామం పేరుతో అడిగి తెలుసుకో. లేదంటే గిరిజన కుటుంబాలు సొంతంగా నడుపుకునే హోం స్టేలకు బుకింగులు తెచ్చి, కమిషన్ తీసుకునే పని పెట్టుకో, ఇల్లూ వాళ్లదే, భూమీ వాళ్లదే, ఆదాయంలో పెద్ద వాటా కూడా వాళ్లదే. సాఫ్ట్‌వేర్ మనుషులకు చేతనైన పని అది. ఏది చేసినా ఒకటి గుర్తుంచుకో, అక్కడ గట్టి సీజన్ నవంబరు నుంచి జనవరి దాకా. మే నెలలో ఒక మంగళవారం ఆ రోడ్డు మీద నుంచోని చూసొచ్చి, అప్పుడు ఆ నలుగురితో కూర్చో.

ప్రశ్న: కర్నూలులో 12 గదుల లాడ్జీకి బ్యాంకు ప్రాజెక్టు రిపోర్టు అడిగింది. ఒక కన్సల్టెంటు 40 వేలకు రాసిస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: మీ ఆడిటర్‌ను అడగండి, చాలా తక్కువకు అయిపోతుంది. బ్యాంకుకు కావాల్సింది దాని నమూనాలో అంకెలు. ఎవరు రాసినా సరే, గదులు ఎంత శాతం నిండుతాయన్న గడిలో వాళ్లంతట వాళ్లు అంకె వేయకుండా చూసుకోండి, చాలా రిపోర్టుల్లో అక్కడ కళ్లు మూసుకుని 65, 70 కొట్టేస్తారు, లోను మంజూరవ్వాలి కదా మరి. కిస్తీ కట్టేది మీరు. కర్నూలుకు రాత్రి ఉండిపోయే మనిషి మెడికల్ రెప్రజెంటేటివా, ఆస్పత్రిలో రోగిని చేర్చిన బంధువా, కోర్టు వాయిదాకొచ్చినవాడా, మంత్రాలయం వెళ్తూ ఆగినవాడా? బస్టాండు దగ్గర, పెద్దాసుపత్రి దగ్గర ఉన్న లాడ్జీల్లో వారం మధ్యలో రెండు రాత్రులు చూసి ఆ గడి మీరే నింపండి. ఆస్పత్రి బంధువులే ఎక్కువని తేలితే ఏసీ గదులు తగ్గించి, రోజుకు 500 లోపు మంచాలు, వంట చేసుకునే చిన్న చోటు, రాత్రి రెండింటికి కూడా తలుపు తీసే మనిషి పెట్టండి. వాళ్లు వారాల తరబడి ఉంటారు.